మునిరత్నం ఎద్దు

మా ఇంట్లో ఎవరైనా కోతలు కోస్తే "ఇదీ మునిరత్నం ఎద్దే" అంటాం. మునిరత్నం నా భార్య. ఎద్దు సంగతి ఏమిటంటే, చిన్నప్పుడు ఒక కొండ మీద పెద్ద రాతిగుండు కింద, రాతికి ఎర్రరంగుతో వేసి ఉండగా చూశానని ఆమె చెబుతుంది. వాళ్ల నాయన చిత్తూరు రాకముందు భాకరాపేట అవతల నెమలిగుండ్లపల్లెలో చిల్లర అంగడి పెట్టుకుని ఉండేవాడు. ఆ ఊరి ఆడపిల్లలతో కలివిపండ్లకని కొండెక్కినప్పుడు చూసిందట. ఎద్దు ఒక్కటే కాదు, జింకలూ, విల్లు పట్టుకున్న మనుషులూ ఉన్నారట. ఎవరు వేశారంటే ఎవరికీ తెలియదట. ఎద్దు ఎంత ఉంటుందని అడిగితే రెండు చేతులూ బార్లా చాపేది.

కాపురానికి వచ్చిన కొత్తలో ఈ ముచ్చట మా అమ్మకు చెప్పింది. అమ్మ నవ్వి మా అక్కకు చెప్పింది, అక్క వీధి వీధికీ చెప్పింది. అంతే, అది మా ఇంటి సామెత అయిపోయింది. మా పెద్దోడు క్లాసులో మొదటివాణ్ణి అయ్యానంటే, "మార్కులు చూపించరా, లేకపోతే మునిరత్నం ఎద్దే" అనేవాళ్లం. అందరితో పాటు తనూ నవ్వేది. నవ్వుతోంది కదా అని మేమూ ఏళ్ల తరబడి అదే మాట వాడుకున్నాం.

ఈ వేసవిలో ఒక వారపత్రికలో చదివాను, మన రాయలసీమ కొండల్లో మనిషి ఇంకా వ్యవసాయం కూడా నేర్వని రోజుల నాటి బొమ్మలున్నాయని. పెద్దగా చదివి వినిపించి, "చూడు, నీ ఎద్దుకు చుట్టాలు దొరికారు" అన్నాను. మునిరత్నం బియ్యం చెరుగుతున్న చాటను పక్కన పెట్టింది. నవ్వలేదు.

"ఒకసారి తీసకపోండి," అంది. "ఉంటే ఉందని మీ కంటితో మీరే సూడండి. లేకపోతే ఇంక నేనే ఆ మాట ఎత్తను."

ఇన్నేళ్లూ ఆమె ఉత్తుత్తికే నవ్వేదని అప్పుడు తెలిసింది.

నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. చిత్తూరు బజారులో నాది సున్నం, రంగుల అంగడి. కాల్చిన సున్నపు గడ్డలు, ఎర్రటి జాజు, నీలిమందు, ఎద్దుల కొమ్ములకు పూసే రంగులు అమ్ముతాను. గోడ మీద మరక కనిపిస్తే నా చెయ్యి ఊరుకోదు. మా ఇల్లు వీధిలోకెల్లా తెల్లగా ఉంటుంది. అలాంటివాణ్ణి పనిగట్టుకుని రాతి మీద మరకలు చూడ్డానికి బయల్దేరాను. అంగడి మా తమ్ముడికి అప్పగించి బస్సెక్కాం.

పూతలపట్టు

బస్సు పూతలపట్టులో ఆగితే దిగనివాడు అటు తిరుపతికీ చెందడు, ఇటు చిత్తూరుకీ చెందడు. కూడలిలో ఒక అవ్వ తాటిముంజలు కొడుతోంది. అర్ధరూపాయకు దోసిలి నిండా ఇచ్చింది. చిత్తూరులో అందులో సగం ఇచ్చి, ఇచ్చినందుకు మొహం మాడ్చుకుంటారు. నేను బొటనవేలితో పొడిచాను. నీళ్లు నేరుగా నా కొత్త చొక్కా మీద చిమ్మాయి. తాటి నీళ్ల మరక పోదని రంగులమ్మే నాకు ఒకరు చెప్పక్కర్లేదు. అవ్వ చూసి, ముంజ తినడం రానివాళ్లను బస్సెక్కించి పంపకూడదని మునిరత్నానికి సలహా ఇచ్చింది. మునిరత్నం, ఇంట్లో కూడా ఇంతేనని ఒప్పుకుంది. ఎరగని ఊళ్లో ఎరగని మనిషితో మొగుడి మీద చాడీలు చెప్పుకోవడం ఆడవాళ్లకు ఎంత సుఖమో ఆ కాసేపట్లో చూశాను.

తిరుపతి

తిరుపతిలో దిగేసరికి గంగజాతర జరుగుతోంది. వీధుల్లో మగవాళ్లు చీరలు కట్టి, జడలు వేసి, పూలు పెట్టి నడుస్తున్నారు. మా చిత్తూరులోనూ జాతర చేస్తాం కానీ, ఒళ్లంతా వేషమైపోయే ఊరు మాత్రం తిరుపతే. ఒక గుంపు ఒళ్లంతా బొగ్గు పూసుకుని, దాని మీద తెల్లచుక్కలు పెట్టుకుని, తలమీద కుండలతో ఎగురుతూ వస్తోంది. అదేం వేషమని పక్కనున్న పూలంగడి ఆయన్ను అడిగాను. సున్నపుకుండల వేషమని చెప్పాడు. నా సంతోషం ఇంతా అంతా కాదు. లోకంలో నాలాంటి కోమటికి వేషం ఉందో లేదో గానీ, సున్నానికి మాత్రం ఉంది. మునిరత్నం మోచేత్తో పొడిచి, నా మొహం చూస్తే అమ్మవారు నా అంగడికే వచ్చినట్టు ఉందని నవ్వింది.

సత్రంలో భోంచేశాం. సాంబారులో బెల్లం ఎక్కువైంది. చిత్తూరులో సాంబారంటే కారం, తిరుపతిలో సాంబారంటే పాయసానికి చెల్లెలు. కొండకు పోయి దర్శనం చేసుకుని, తర్వాత పల్లెకు పోదామన్నాను. తిరుపతి దాకా వచ్చి కొండెక్కకుండా ముందుకు పోవడం మా వంశంలో లేదు. మునిరత్నం ఒప్పుకోలేదు. ముందు ఎద్దు, తర్వాత స్వామి అంది. స్వామి అక్కడే ఉంటాడనీ, ఎద్దు ఉందో లేదో తెలియదనీ ఆమె వాదన. ఏడుకొండలవాడికి నా తరఫున కిందినుంచే ఒక దణ్ణం పెట్టి లెంపలేసుకున్నాను.

కనుమ దారిలో

మర్నాడు భాకరాపేట బస్సులో కాలు పెట్టడానికి చోటు లేదు. మునిరత్నానికి ఎవరో ఆడమనిషి జరిగి చోటిచ్చింది. నేను వెనక నిలబడ్డాను. అక్కడ ఒక మూట ఉంది, దాని పక్కన గుబురు మీసాల పెద్దమనిషి ఒకాయన. మూట మీద కూర్చోబోతే ఆయన వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. ఏం ఫరవాలేదని కూర్చున్నాను. ఎండకు ఒళ్లంతా చెమట. కనుమ మొదటి మలుపు తిరిగామో లేదో కూర్చున్నచోట చుర్రుమంది. ఎగిరి లేచాను. మూటలో సున్నపు గడ్డలు. రోజూ సున్నంలోనే బతికేవాడు సున్నం మీద కూర్చుని ఒళ్లు కాల్చుకున్నాడంటే వినేవాళ్లు నవ్వరా? బస్సు బస్సంతా నవ్వింది.

ఆయన పేరు మునసామినాయుడు. ఊరి జాతరకని తిరుపతిలో సున్నం కొని తీసుకుపోతున్నాడు. పక్కన సున్నం పెట్టుకుని ఎంతసేపని నోరు మూసుకుంటాను? గడ్డ ఒకటి తీయించి చూశాను. సరుకు మంచిదే. గోడకు కొట్టడానికా అన్నాను. కాదట, అమ్మవారున్న చోట రాతికి. ఎప్పుడూ కొట్టలేదట, ఈ ఏడు వానలు బాగా పడి చెరువు నిండింది కాబట్టి తల్లి చోటు తళతళలాడాలని ఊరంతా అనుకున్నారట. ఉత్త రాయికి సున్నం పట్టదేమోనని ఆయన బెంగ.

ఇంకేముంది, నా విద్య అంతా బయటికి వచ్చింది. ముందు రాతిని కొబ్బరిపీచుతో తోమాలని, సున్నాన్ని ఒక రాత్రి నాననివ్వాలని, అందులో తుమ్మబంక కరిగించి, గుప్పెడు ఉప్పు వేస్తే రాయి పగిలినా సున్నం ఊడదని చెప్పాను. ఈతమట్ట కుంచె ఎట్లా నలగ్గొట్టాలో చేతులతో చూపించాను. నాయుడు ప్రతిమాటా శ్రద్ధగా విన్నాడు. అంగట్లో ఇంత వివరంగా ఎవరికీ చెప్పను. దారిలో పరిచయమైన మనిషికి చెప్పడంలో ఒక సుఖం ఉంది.

భాకరాపేటలో దిగాక తెలిసింది, ఆయనది నెమలిగుండ్లపల్లేనని. ఆ ఊరికి ఇల్లరికం వచ్చిన అల్లుడట. భార్య పేరు చెంగమ్మ. మునిరత్నం ఆ పేరు వినగానే రోడ్డు మీదే నిలబడిపోయింది. కలివిపండ్లకని చెయ్యి పట్టుకుని కొండకు తీసుకుపోయింది ఆ చెంగమ్మే. రొట్టె విరిగి నేతిలో పడిందని నేను పొంగిపోయాను. నాయుడి ఎద్దులబండి మీద సున్నపు మూట ఒకపక్క, మేము ఒకపక్క కూర్చుని ఊరు చేరాం. మూటకు మాత్రం దూరంగా కూర్చున్నాను.

నెమలిగుండ్లపల్లె

చెంగమ్మ, మునిరత్నం ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు, నవ్వారు, మళ్లీ ఏడ్చారు. "ఏం మే, ఇట్ల తెల్లగైపోయినావు?" అని ఒకరంటే, "నువ్వేం తక్కువ?" అని ఇంకొకరు. వాళ్ల తలల సంగతి. మా ఇద్దరి తలలూ అంతే కనుక నేనూ నాయుడూ కల్పించుకోలేదు.

ఇల్లు జాతరకు ముస్తాబై ఉంది. తెల్లటి సున్నం, కింద ఎర్రమన్ను పట్టీ, గడపకు పసుపు. పనివాడి చెయ్యి ఎక్కడా తడబడలేదు. కానీ వసారాలో గుమ్మం పక్కన ఒక గోడ మాత్రం పాతగానే వదిలేశారు. దాని మీద ఎర్రటి చేతిముద్రలు రెండు. అంత తెల్లటి ఇంట్లో ఆ మాసిన గోడ చూసి నా ప్రాణం ఉసూరుమంది. సున్నం చాలలేదా అని అడిగాను.

చెంగమ్మ చెప్పింది. కొత్తకోడలు అత్తవారింట్లో అడుగుపెట్టిన రోజున చేతులు ఎర్రమట్టి నీళ్లలో ముంచి గోడకు ముద్ర వేస్తుంది. మాలోనూ ఆ ఆచారం ఉంది కానీ, మేం ఆ తర్వాతి పండగకే సున్నం కొట్టేస్తాం. నా వ్యాపారం నడిచేదే అట్లా. ఇక్కడ అలా కాదు. కోడలు కాన్పుకు పుట్టింటికి పోయి, బిడ్డతో తిరిగి వచ్చేదాకా ఆ గోడ ముట్టుకోరు. వాళ్ల కోడలు ఇప్పుడు పుట్టింట్లో ఉంది, నెలలు నిండుతున్నాయి.

"ఆ గోడకు సున్నం కొడితే, బిడ్డతో ఈ ఇంటికి రావద్దని సెప్పినట్టన్నా," అంది చెంగమ్మ. మీసాల నాయుడు కూడా ఆ మాటకు అవునన్నట్టు తలాడించాడు.

ఆ పూట రాగిసంగటి పెట్టారు. చెనిగ్గింజల ఊరిబిండి పచ్చడి, గోంగూర పప్పు, మామిడికాయ ఊరగాయ. సంగటిని నమలకూడదు, ముద్ద చేసి ఊరిబిండిలో అద్ది మింగాలి. నేను బియ్యపు మనిషిని, నమిలాను. పళ్లకు అంటుకుని నోరు తెరవలేకపోయాను. సరిగ్గా అప్పుడే మునిరత్నం బొమ్మల గుండు సంగతి అడిగింది. అవి ఇంకా ఉన్నాయా అని.

ఎందుకు లేవు, ఉన్నాయని చెంగమ్మ చెప్పింది. అయితే ఆ గుండు కిందే గంగమ్మ రాయి. ఏటేటా పొంగళ్లు పెట్టి పెట్టి, పొగకు గుండంతా మసి పట్టిపోయింది. ఈ కాలం పిల్లలకు అక్కడ బొమ్మలున్న సంగతే తెలియదు. "అందుకే గదా మే, మా ఆయన పోయి సున్నం తెచ్చింది. రేపు పొద్దున గుండంతా తెల్లగా కొట్టేస్తా ఉండారు. బస్సులో మీ ఆయనే అంతా సెప్పినాడంట గదా, ఊడకుండా ఎట్ల కొట్టాలో."

మునిరత్నం చెయ్యి కంచంలో ఆగింది. ఆమె నావైపు చూసింది. తిట్టినా బాగుండేది. ఇన్నేళ్లు ఆ ఎద్దును నోటితో లేకుండా చేసినవాణ్ణి, ఇప్పుడు తుమ్మబంక కలిపి మరీ లేకుండా చేయబోతున్నాను. తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే ఇదే. నా వేలు పొడిచింది మునిరత్నం కన్ను, తేడా అంతే.

చెయ్యి కడుక్కుని నాయుణ్ణి పట్టుకున్నాను. నా తెలివి అంతా ఖర్చు పెట్టాను. వారపత్రికలో చదివింది చెప్పాను. అవి వేల ఏళ్ల నాటివని చెప్పాను.

నాయుడు ఆశ్చర్యపోయాడు. "వేల ఏండ్లా? సూడు సెట్టన్నా, వేల ఏండ్లుగా ఒక్కసారన్నా సున్నం కొట్టకపోతే తల్లికి కోపం రాదా?"

పెద్ద చదువులు చదివినవాళ్లు దూరాల నుంచి వచ్చి చూస్తారన్నాను. వస్తే రానీ, తెల్లగా ఉంటే ఇంకా బాగా కనిపిస్తుందన్నాడు. బొమ్మలంటే ప్రాణమన్నాను. బొమ్మలంటే తనకూ ఇష్టమేననీ, సున్నం ఆరినాక దానిమీద తిరుపతి నుంచి మనిషిని పిలిపించి కొత్తగా పులి బొమ్మ వేయిస్తాననీ అన్నాడు. ఆయనలో చెడు అణువంత లేదు. భక్తి ఉంది, మంచి సరుకు ఉంది, దాన్ని ఎలా కలపాలో నేనే నేర్పాను. అలాంటి మనిషితో ఎట్లా వాదించేది?

చివరికి మునిరత్నం ఒక్కటే అడిగింది, కొట్టకముందు తనను ఒకసారి చూడనిమ్మని. దానికేం భాగ్యమని నాయుడు ఒప్పుకున్నాడు. వీళ్లు చూసినాకనే కుంచె ముంచుతామని మాటిచ్చాడు.

గుండు కింద

పొద్దున్నే కొండెక్కాం. కొండ అంటే మరీ పెద్దది కాదు గానీ, చిత్తూరులో అంగడి అరుగు దిగనివాడికి అదే హిమాలయం. సగం దారిలో నా చెప్పు తెగింది. దాన్ని చేత్తో పట్టుకుని, ముళ్లను తిట్టుకుంటూ నడిచాను. ముందు మగవాళ్లు సున్నపు కుండలు నెత్తిన పెట్టుకుని పోతున్నారు. తిరుపతిలో ఆ వేషం చూసి మురిసిపోయినందుకు అమ్మవారు ఇట్లా చూపిస్తోందా అనుకున్నాను. మునిరత్నం, చెంగమ్మ చేతులు పట్టుకుని ఎక్కుతున్నారు.

గుండు నిజంగా పెద్దది. కడుపు కింద మా వసారా అంత చోటు, చల్లగా ఉంది. నడుమ పసుపు పూసిన గంగమ్మ రాయి, ముందు పొంగలి పొయ్యిల రాళ్లు, పైన రాయంతా మసి. మునిరత్నం తల పైకెత్తి వెతికింది. అటు వెతికింది, ఇటు వెతికింది. చెంగమ్మ కూడా ఇక్కడే కదా, అక్కడే కదా అంటూ చూపించింది. మసి తప్ప ఏమీ లేదు. అవతల మగవాళ్లు సున్నం కలియబెడుతున్నారు. చిక్కగా, వెన్నలా, తుమ్మబంక పడి నిగనిగలాడుతోంది. అంత మంచి సున్నాన్ని చూసి అసహ్యించుకోవడం నా బతుకులో అదే మొదటిసారి.

మునిరత్నం మొహం వాడిపోయింది. "లేదేమోలే," అంది మెల్లగా. ఆ మాట నాకు గుచ్చుకుంది. లేదని ఆమె అనడం నాకు అక్కర్లేదు. ఆ ఎద్దు ఉండి తీరాలని ఆ క్షణంలో ఆమెకన్నా నాకే ఎక్కువ పట్టుదల కలిగింది.

ఏం చెయ్యాలో తోచక, కాలు మండుతోంటే, గుండు లోపలి మూలకు పోయి ఒక రాయి మీద చతికిలబడ్డాను. తల తిప్పితే ముక్కుకు ఎదురుగా కొమ్ములు కనిపించాయి. పొడవుగా, రెండు వైపులా వంగిన కొమ్ములు. తర్వాత మూపురం. తర్వాత తోక. ఎర్రగా, నిన్ననే పూసినట్టు. ఆ మూలకు పొగ పోలేదు. దాని వెనక జింకలు, విల్లెత్తిన ఒక బక్కమనిషి. ఎద్దు మొత్తం జానెడు ఉంది.

"మునిరత్నం," అని పిలిచాను.

వచ్చి నా పక్కన కింద కూర్చుంది. చాలాసేపు చూసింది. చిన్నప్పుడు కింద కూర్చుని తలెత్తి చూశానని, అందుకే ఇప్పుడు అంత పైన వెతికానని అంది. ఇంత చిన్నదా అని తనే నవ్వింది. బార్లా చాపిన చేతులు నాకు గుర్తొచ్చాయి. ఎగతాళి చెయ్యడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదు. కొండను తవ్వి ఎలుకను పట్టామని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. సంగటి మింగడం అప్పటికి వచ్చేసింది నాకు. నేను చెప్పిన మాట ఇది: "ఉంది మునిరత్నం. నువ్వు చెప్పినట్టే ఉంది." ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను అటువైపు తిరిగి రంగును పరీక్షిస్తున్నట్టు నటించాను. నిజానికి పరీక్షించాను కూడా. అది మా అంగట్లో అమ్మే జాజు లాంటిదే. మా సరుకు రెండు వానలకు కారిపోతుంది. ఈ బొమ్మలు వేసినవాళ్లకు సరుకు ఇచ్చిన ఆ అంగడివాడెవడో మహానుభావుడు.

నాయుడు వంగి చూశాడు. నిజంగానే ఎద్దు ఉందని మెచ్చుకున్నాడు. తోటివాళ్లను పిలిచి చూపించాడు. తర్వాత ఎంతో మర్యాదగా అడిగాడు: "సూసుకున్నారు గదా అక్కా. ఇంక మొదలుపెట్టేదా?"

మాట మాటే. ఆయన ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు, ఇంక మా వంతు. మునిరత్నం లేవబోతూ రాతి మీద చెయ్యి ఆనించబోయి, ఆగిపోయింది. ఆ చోట ఎద్దు మూతికి ఎదురుగా ఎర్రటి చేతిముద్ర ఉంది. చిన్న చెయ్యి, ఆడమనిషిది కావచ్చు. అయిదు వేళ్లూ విడివిడిగా కనిపిస్తున్నాయి. పక్కన మసిలో ఇంకొకటి సగం.

"అన్నా, ఇట్ల రాండి," అంది. నాయుడు మళ్లీ వంగితే అడిగింది. "మీ ఇంట్లో కోడలు వేసిన ముద్ర ఇట్లనే ఉండాది గదా?"

నాయుడు ఉందన్నాడు.

"ఈ చెయ్యి పెట్టినామె బిడ్డనెత్తుకోని తిరిగొచ్చిందని మీకెవురన్నా సెప్పినారా?"

"నాకెట్ల తెలుస్తాదక్కా? ఎప్పటిదో ఏమో."

"తెలీనప్పుడు, రావద్దని మనమెట్ల సెప్తాం?"

కుండలో సున్నం కలుపుతున్న కర్ర ఆగింది. నాయుడు ఆ చేతిముద్రను చూస్తూ మీసం మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. ఆయన ఇంట్లో గుమ్మం పక్కన ఒక మాసిన గోడ ఉంది, పుట్టింట్లో నెలలు నిండిన కోడలు ఉంది. ఆయన మనసులో ఏం తిరుగుతోందో నాకు కళ్లకు కట్టినట్టు తెలిసింది. వేల ఏళ్లనే నా మాటకు కదలని మనిషి, మెల్లగా కుంచె తీసి పక్కన రాయి మీద పెట్టాడు.

చెంగమ్మ ఆలస్యం చెయ్యలేదు. ఇది గంగమ్మతల్లి ఇంటికొచ్చిన కోడలి గోడ అని తేల్చేసింది. కోడలి ముద్ర ఉన్న గోడకు మసి పట్టించడమూ తప్పేనని, పొంగలి పొయ్యిలు బయట వేపచెట్టు కిందికి మార్చమని అక్కడికక్కడే మగవాళ్లను పురమాయించింది. మరి ఇంత సున్నం ఏం చెయ్యాలని ఒకాయన అడిగాడు. అది నా పని. మెట్ల రాళ్లకూ, వేపచెట్టు చుట్టూ ఉన్న అరుగుకూ, దారికి ఇరువైపులా ఉన్న గుండ్లకూ కొట్టిద్దామన్నాను. పంచె ఎగ్గట్టి కుంచె నేనే అందుకున్నాను. మధ్యాహ్నానికి కొండదారి కిందినుంచి పైదాకా తెల్లగా మెరిసింది. తల్లి చోటు తళతళలాడింది, కోడలి గోడ అట్లాగే ఉంది. చేతులకు బొబ్బలు లేచాయి. అంత సంతోషంగా నేను సున్నం కొట్టింది ఎప్పుడూ లేదు.

జాతర చూసి పొమ్మని పట్టుబడితే ఉండిపోయాం. ఆ రెండు రోజుల్లో సంగటి నమలకుండా మింగడం నాకు పూర్తిగా పట్టుబడింది.

చిత్తూరు

తిరుగు దారిలో స్వామి కొండకు పోయాం. దర్శనం గురించి అందరూ రాస్తారు, నేను రాయను. క్యూలో నిలబడ్డంతసేపూ మునిరత్నం ఆలస్యమైనందుకు స్వామికి సంజాయిషీ చెప్పుకుంటూనే ఉందని మాత్రం చెబుతాను.

ఇంటికొచ్చాక పిల్లలు, మా తమ్ముడు, పక్కింటివాళ్లు చుట్టూ మూగారు. ఎద్దు కనిపించిందా అని నవ్వు ఆపుకుంటూ అడిగారు. మునిరత్నం వంటింట్లోకి పోయింది. నేనే చెప్పాను. కొమ్ములు, మూపురం, తోక, అన్నీ చెప్పాను. చెబుతూ చెబుతూ ఎంత ఉందని మా పెద్దోడు అడిగితే, నాకు తెలియకుండానే రెండు చేతులూ బార్లా చాపాను. వంటింట్లోంచి మునిరత్నం నవ్వు వినిపించింది. అది మాత్రం నిజం నవ్వు. మా సామెత ఇంకా వాడుకలోనే ఉంది. కాకపోతే ఇప్పుడు 'మునిరత్నం ఎద్దు' అంటే, నమ్మకపోతే పోయి చూసి రమ్మని అర్థం.

అంగట్లో నాకొక కొత్త జబ్బు పట్టుకుంది. పల్లెలనుంచి ఎవరైనా సున్నానికి వస్తే, గోడకా గుండుకా అని అడగందే తూకం వెయ్యను. గుండుకైతే ముందు నేనొచ్చి చూస్తానంటాను. బేరం పోతుందని మా తమ్ముడు తల పట్టుకుంటాడు.

మామిడికాయలు దిగేకాలం చివర్లో ఒకరోజు అంగడి ముందు గుబురు మీసాలు కనిపించాయి. మునసామినాయుడు మండీకి కాయలు తోలుకొచ్చి, ఇటు వచ్చాడు. లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. కోడలు కాన్పయిందట, ఆడబిడ్డట, మొన్ననే ఎత్తుకుని ఇంటికి వచ్చిందట. చెప్తుంటే ఆయన మీసాలు కూడా నవ్వుతున్నాయి. సున్నం కావాలన్నాడు.

స్నేహం వేరు, జబ్బు వేరు. అడక్కుండా ఉండలేకపోయాను. "గోడకా నాయుడన్నా, గుండుకా?"

నాయుడు నవ్వలేదు. ఎంతో మామూలుగా, ఇంటి సంగతి చెప్పినట్టు చెప్పాడు. "గోడకే సెట్టన్నా. గుండు మీద చెయ్యి పెట్టినామె ఇంకా రాలేదు."